విదేశీ చదువుకైనా, ఇక్కడి పరిశోధనకైనా ముందు డబ్బు దారి చూసుకోండి

మన ఇళ్లలో పై చదువుల నిర్ణయం సాధారణంగా ఒకే వరుసలో నడుస్తుంది. ముందు దేశం ఖాయమవుతుంది, తరువాత కన్సల్టెన్సీ, ఆ తరువాత సీటు. ఐ-20 (అమెరికా విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం) చేతికొచ్చాక గానీ ‘మరి డబ్బు?’ అన్న మాట రాదు. అప్పటికి పెద్ద స్కాలర్‌షిప్‌ల గడువులన్నీ దాటిపోయి ఉంటాయి. మిగిలేవి బ్యాంకు, ఊళ్లో పొలం కాగితాలు. ఈ వరుసను తిరగేయాలి. డబ్బు ఎక్కడుందో ముందు చూసుకుని, దాన్నిబట్టి కోర్సును, దేశాన్ని ఎంచుకోవాలి. అది ఎలా చేయాలో అడుగడుగునా చెబుతాను.

కన్సల్టెన్సీ వాళ్లు ఇవన్నీ ఎందుకు చెప్పరని అడుగుతారేమో. విద్యార్థి ఫీజు కట్టి చేరితే చాలా విశ్వవిద్యాలయాలు వాళ్లకు కమీషన్ ఇస్తాయి. పూర్తి ఫెలోషిప్‌తో వెళ్లే పీహెచ్‌డీ విద్యార్థి వల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు. వాళ్ల వ్యాపారం వాళ్లది. మన వెతుకులాట మనమే చేసుకోవాలి.

1. కోర్సా, పరిశోధనా?

డబ్బు సంగతి సగం ఈ ప్రశ్నతోనే తేలిపోతుంది. ఎం.ఎస్., ఎంబీఏ వంటి కోర్సులలో విశ్వవిద్యాలయానికి మీరు ఫీజు కట్టే విద్యార్థి. పీహెచ్‌డీలో మీరు ఆ విశ్వవిద్యాలయానికి పని చేసిపెట్టే మనిషి. అందుకే అమెరికాలో సైన్సు, ఇంజినీరింగ్ పీహెచ్‌డీలకు సాధారణంగా ఫీజు మాఫీ ఉంటుంది, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. దానికి బదులుగా మీరు టీచింగ్ అసిస్టెంట్‌గా తరగతులు, ల్యాబులు చూసుకోవాలి, లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా ప్రొఫెసర్ ప్రాజెక్టులో పనిచేయాలి. జర్మనీలో చాలా పీహెచ్‌డీలు అచ్చంగా ఉద్యోగాలే. ప్రభుత్వ వేతన స్కేలులో సగమో ముప్పాతికో జీతంగా ఒప్పందంలో రాసి ఇస్తారు.

ఎం.ఎస్.కు ఇవేవీ పెద్దగా ఉండవు. ‘మీకు 5,000 డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చింది’ అని ఉత్తరం వస్తే ఇంట్లో స్వీట్లు పంచుతారు గానీ, అది చాలాసార్లు ఫీజులో ఇచ్చే తగ్గింపు మాత్రమే. తగ్గింపు పోగా కట్టాల్సింది ఎంతో చూడండి. ఎఫ్-1 వీసా (అమెరికా విద్యార్థి వీసా) మీద తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయవచ్చు. ఆ సంపాదన తిండి ఖర్చులకు కొంత పనికొస్తుంది, ఫీజుకు చాలదు.

మన బీటెక్ విద్యార్థులలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అమెరికాలో పీహెచ్‌డీకి ఎం.ఎస్. తప్పనిసరి కాదు. నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా దరఖాస్తు చేయవచ్చు. పరిశోధన మీద నిజంగా మనసున్నవారు లక్షల అప్పుతో ఎం.ఎస్. చేసి, ఆ తరువాత పీహెచ్‌డీకి వెళ్లనక్కరలేదు. అయితే స్టైపెండ్ కోసమే పీహెచ్‌డీలో చేరమని నేను చెప్పను. అయిదారేళ్లు ఒకే సమస్యతో కాపురం చేయాలి, ఇష్టం లేనివాళ్లకు అది శిక్ష.

2. మీ అర్హతల కాగితం

వెబ్‌సైట్లు తెరవకముందే ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: పుట్టిన తేదీ, డిగ్రీ పూర్తయిన నెల, మార్కుల శాతం, బ్యాక్‌లాగ్‌లు, ఉద్యోగానుభవం ఎన్ని నెలలు, సామాజిక వర్గం, కుటుంబ వార్షికాదాయం. సగం పథకాలు ఈ కాగితం దగ్గరే ఉంటాయా పోతాయా అన్నది తేలిపోతుంది. మిగిలిన సగం మీద సమయం పెట్టవచ్చు.

ఉదాహరణకు, బ్రిటన్ ప్రభుత్వ చీవ్నింగ్ స్కాలర్‌షిప్‌కు కనీసం 2,800 గంటల ఉద్యోగానుభవం కావాలి, అంటే సుమారు రెండేళ్లు. ఫుల్‌బ్రైట్–నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్లు కావాలి. జర్మనీ సంస్థ డాడ్ అభివృద్ధి సంబంధ కోర్సులకు ఇచ్చే ఈపోస్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల అనుభవం అవసరం, పైగా చివరి డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు. జపాన్ ప్రభుత్వ మెక్స్ట్‌కు 35 ఏళ్లలోపు ఉండాలి. అంటే కాలేజీ నుంచి బయటికి వచ్చిన వెంటనే దొరికేవి కొన్ని, రెండు మూడేళ్లు ఉద్యోగం చేస్తేనే దొరికేవి కొన్ని. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో వచ్చిన ఉద్యోగాన్ని వదిలేసి ఆదరాబాదరాగా విమానం ఎక్కే ముందు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

ఐరోపా సమాఖ్య పీహెచ్‌డీలకు నిధులిచ్చే మరీ స్క్లోదోవ్‌స్కా క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులకు ఒక వింత నియమం ఉంది. ఏ దేశంలో చేరబోతున్నారో ఆ దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. జర్మనీలో మాస్టర్స్ చేసిన వెంటనే జర్మనీలోనే ఈ స్థానం కోరితే పనికిరారు. నెదర్లాండ్స్‌లోనో స్పెయిన్‌లోనో అడిగితే అర్హులు.

3. ముందుగా ఇక్కడిది

విదేశం అనగానే ఇక్కడి డబ్బును మరిచిపోతాం. యూజీసీ నెట్ లేదా సీఎస్ఐఆర్–యూజీసీ నెట్‌ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత ఎస్ఆర్ఎఫ్‌గా (సీనియర్ రీసెర్చ్ ఫెలోగా) 42,000 వస్తుంది. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి. అయిదేళ్లకు లెక్కవేస్తే ఇంటి అద్దె భత్యం కాకుండానే 24 లక్షలు. విదేశీ చదువుకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 20 లక్షల సాయంకన్నా ఇది ఎక్కువ. అయినా ఒక పరీక్షతో వచ్చే ఈ 24 లక్షల గురించి మన దగ్గర ఎవరూ ఫ్లెక్సీ కట్టరు.

జేఆర్ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు అయిదేళ్ల సడలింపు ఉంది. నెట్ రాసిన ఎస్సీ, ఓబీసీ విద్యార్థులకు, నెట్‌తో పనిలేకుండా ఎస్టీలకు వేరే జాతీయ ఫెలోషిప్‌లు కూడా ఉన్నాయి. సాధారణ జేఆర్ఎఫ్ కటాఫ్ అందకపోయినా వీటిలో చోటు దొరికే అవకాశం ఉంది కాబట్టి దరఖాస్తులో వర్గం వివరాలు సరిగా నింపండి. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. రాష్ట్ర నమూనాలోని బీసీ పత్రం జతచేసి తిరస్కరణకు గురైనవారు చాలామంది ఉన్నారు.

గేట్ స్కోరుతో ఎంటెక్ చేరితే నెలకు 12,400 వస్తుంది. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ 70,000తో మొదలై చివరి సంవత్సరాల్లో 80,000 వరకు వెళుతుంది. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్జీఆర్ఐ వంటి సీఎస్ఐఆర్ ప్రయోగశాలలు ఉన్నాయి. ఇక్కడ జేఆర్ఎఫ్‌తో చేరి, మధ్యలో విదేశానికి పరిశోధనకు వెళ్లి రావడం ఒక పద్ధతి. ఆరో అడుగులో దాని గురించి చెబుతాను.

4. ప్రభుత్వాల విదేశీ విద్యా పథకాలు

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి, బీసీ, ఈబీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట పథకం, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్, బ్రాహ్మణులకు వివేకానంద పథకం ఉన్నాయి. దరఖాస్తు ఈపాస్ పోర్టల్‌లో చేయాలి, వివేకానంద పథకానిది మాత్రం బ్రాహ్మణ సంక్షేమ పరిషత్ చూస్తుంది. ఇవి ఇచ్చేది గరిష్ఠంగా 20 లక్షలు. కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి అయిదు లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో పథకం ప్రభుత్వంతోపాటు మారుతూ వచ్చింది. 2022లో విదేశీ విద్యా దీవెన ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ఇచ్చే క్యూఎస్ ర్యాంకుల ఆధారంగా నడిచింది. 2024లో కొత్త ప్రభుత్వం పాత అంబేద్కర్ పేరును తిరిగి పెట్టింది. కాబట్టి అక్కయ్యో అన్నయ్యో నాలుగేళ్ల క్రితం తెచ్చుకున్న పద్ధతిని నమ్ముకోవద్దు. మీరు దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్‌ను, దానితో వచ్చిన జీవోను చదవండి.

ఇక్కడ అసలు చిక్కు డబ్బు ఎప్పుడు వస్తుందన్నదే. తెలంగాణ పథకాలలో సాయం విడతలుగా ఇస్తారు. మొదటి విడతకు అక్కడ దిగినట్టు ఆధారం, రెండో విడతకు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాలి. అంటే వీసాకు చూపాల్సిన డబ్బు, విమానం టికెట్, మొదటి సెమిస్టర్ ఫీజు అన్నీ ముందు మీరే సర్దుకోవాలి. పైగా బకాయిలు పేరుకుని విద్యార్థులు నెలల తరబడి ఎదురుచూసిన వార్తలు చదువుతూనే ఉన్నాం. కాబట్టి ఈ సాయాన్ని తరువాత అప్పు తీర్చే డబ్బుగానే లెక్కలో రాసుకోండి.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దీనికంటే బలమైనది. ఎస్సీలకు, సంచార, విముక్త జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కలిపి ఏటా 125 స్థానాలు ఉంటాయి. అందులో 115 ఎస్సీలకే. మాస్టర్స్‌కూ, పీహెచ్‌డీకీ ఇస్తారు. ఫీజు, విమాన ఖర్చు, వైద్య బీమాతోపాటు జీవన భృతిగా ఏడాదికి 15,400 డాలర్లు వస్తాయి, బ్రిటన్ అయితే 9,900 పౌండ్లు. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు, అర్హత డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. చేరే విశ్వవిద్యాలయం క్యూఎస్ ర్యాంకుల్లో తొలి 500లో ఉండాలి. ఎస్టీలకు గిరిజన వ్యవహారాల శాఖ వేరే పథకం కింద 20 స్థానాలు ఇస్తుంది. వాటిలో మూడు ఆదిమ గిరిజన తెగలకు కేటాయించారు.

సామాజిక శాస్త్రాల వాళ్లు ఒక నిబంధన గమనించాలి. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజ అధ్యయనాల మీద విదేశంలో పరిశోధనకు ఈ ఎస్సీ పథకం డబ్బు ఇవ్వదు. 2022లో తెచ్చిన నియమం ఇది. దళిత విద్యార్థి తన సమాజం గురించి లండన్‌లో పరిశోధిస్తానంటే సాయం అందదన్నమాట. నాకు ఈ నియమం ఎంత మాత్రం నచ్చదు. నచ్చకపోయినా దరఖాస్తు దాని ప్రకారమే ఉండాలి, లేదా ఆ అంశానికి వేరే నిధిని వెతుక్కోవాలి.

పత్రాల విషయంలో ముందుచూపు ఉండాలి. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలను తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో ముందే తీసుకుని ఉంచండి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉందా చూడండి. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా, ఇంకోచోట చివర ఉంటాయి. దాన్ని సరిచేయించడానికి పట్టే కాలం గడువులోపల దొరకదు.

5. ఇతర దేశాల ప్రభుత్వాలు, ట్రస్టులు ఇచ్చేవి

అన్నిటినీ వివరించను. మన విద్యార్థులకు నిజంగా అందుబాటులో ఉన్నాయనిపించే వాటి దగ్గర ఆగుతాను.

ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్ మన దగ్గర అర్హమైనంత ప్రచారం పొందని అవకాశం. రెండు మూడు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే కోర్సులివి. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. మొత్తం 33,600 యూరోలు. ప్రయాణం, వీసా ఖర్చు అందులోంచే పెట్టుకోవాలి. ఉద్యోగానుభవం తప్పనిసరి కాదు, చివరి సంవత్సరం విద్యార్థులకూ చాలా కోర్సుల్లో అవకాశం ఉంది. దరఖాస్తులు అక్టోబరు నుంచి జనవరి, ఫిబ్రవరి వరకు నడుస్తాయి. అధికారిక కోర్సుల జాబితాను ఒక సాయంత్రం కూర్చుని పూర్తిగా చదవండి. నీటి నిర్వహణ, ఫోటానిక్స్, ప్రజారోగ్యం, పత్రికారచన వరకు అందులో లేనిది తక్కువ.

ఫుల్‌బ్రైట్–నెహ్రూ కార్యక్రమాన్ని 1950లో ఏర్పడిన యుసీఫ్ (యునైటెడ్ స్టేట్స్–ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్) నడుపుతుంది. హైదరాబాద్‌లోనూ దానికి కార్యాలయం ఉంది. మాస్టర్స్ ఫెలోషిప్ ప్రజారోగ్యం, పట్టణ ప్రణాళిక, పర్యావరణం, పత్రికారచన, ఆర్థికశాస్త్రం వంటి కొన్ని రంగాలకే. కంప్యూటర్ సైన్స్ అందులో లేదు. ఫుల్‌బ్రైట్ మీద వెళ్లేవారి జె-1 వీసాకు ఒక షరతు ఉంటుంది. కార్యక్రమం ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉంటే తప్ప అమెరికాలో హెచ్-1బీకో గ్రీన్ కార్డుకో వెళ్లడం కుదరదు. అక్కడే స్థిరపడాలన్న ఆలోచన ఉంటే ఇది ముందే ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి. చీవ్నింగ్‌కూ అంతే, చదువు పూర్తయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. చీవ్నింగ్ దరఖాస్తులు ఆగస్టులో తెరిచి శరదృతువులోనే మూస్తారు. కోర్సు మొదలయ్యేది మరుసటి ఏడాది సెప్టెంబరులో.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు వెళ్లాలనుకునేవారు రోడ్స్, గేట్స్ కేంబ్రిడ్జ్, ఫెలిక్స్ స్కాలర్‌షిప్‌లను చూడాలి. గేట్స్ కేంబ్రిడ్జ్‌కు విడిగా దరఖాస్తు ఉండదు, ప్రవేశ దరఖాస్తులోనే నిధుల భాగం నింపాలి. అది దాటేసి తరువాత అడిగితే లాభం లేదు. ఇన్లాక్స్ శివదాసానీ ఫౌండేషన్ లక్ష డాలర్ల వరకు ఇస్తుంది కానీ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, మేనేజ్‌మెంట్, వైద్యం దాని పరిధిలోకి రావు. కళలు, చరిత్ర, న్యాయశాస్త్రం, డిజైన్ చదివేవారికి అది అనుకూలం. ఇంట్లో అందరూ సాఫ్ట్‌వేర్ అంటుంటే చరిత్ర చదువుతున్న అమ్మాయికి ఒక్కోసారి ఇలాంటి మేలు కూడా జరుగుతుంది.

జపాన్ మెక్స్ట్ రీసెర్చ్ స్కాలర్‌షిప్‌కు రాయబార కార్యాలయం ద్వారా ఏప్రిల్, మే ప్రాంతంలో దరఖాస్తు చేయాలి. ఫీజు ఉండదు, నెలకు 1,43,000 యెన్‌ల నుంచి 1,45,000 వరకు ఇస్తారు. అక్కడి ప్రొఫెసర్ అంగీకారం ఎంత త్వరగా సంపాదిస్తే అంత మంచిది.

జర్మనీలో స్కాలర్‌షిప్ రాకపోయినా ఖర్చు తక్కువ. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు లేదు. బాడెన్–వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య బయటివారికి సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ విశ్వవిద్యాలయం కూడా ఇప్పుడు ఫీజు తీసుకుంటోంది. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంతని మాత్రమే తీసుకోగల ఖాతాలో) ఒక ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ ధ్రువీకరణ (చదువు పత్రాల తనిఖీ) తప్పనిసరి, దాని రుసుము 18,000 రూపాయలు. కళాశాల నుంచి పత్రాలు రావడానికే నెలలు పట్టవచ్చు కాబట్టి ఈ పని ముందు మొదలుపెట్టండి.

6. ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూ విదేశంలో కొన్ని నెలలు

ఉస్మానియాలోనో ఆంధ్రలోనో పీహెచ్‌డీ చేస్తున్నవారు ‘మాకు విదేశం ఎక్కడిది’ అనుకుంటారు. ఫుల్‌బ్రైట్–నెహ్రూ డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్ అచ్చంగా వాళ్ల కోసమే. భారతీయ సంస్థలో పీహెచ్‌డీకి నమోదై కనీసం ఏడాది గడిచిన వారిని ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో పరిశోధనకు పంపుతుంది. ఫ్రాన్సుకు రామన్–షార్పాక్ ఫెలోషిప్ ఉంది. కాన్ఫరెన్సులో పత్రం సమర్పించడానికి ప్రయాణ సాయం కావాలంటే ఒకప్పటి సెర్బ్ (కేంద్ర సైన్స్, ఇంజినీరింగ్ పరిశోధన మండలి) స్థానంలో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వారి ఇంటర్నేషనల్ ట్రావెల్ సపోర్ట్ చూడండి. విమాన ఛార్జీ, వీసా రుసుము వంటివి ఇస్తుంది. పత్రం అంగీకార లేఖ వచ్చిన రోజే దీనికి దరఖాస్తు మొదలుపెట్టాలి.

తెలుగు, చరిత్ర, కళల పరిశోధకులకు చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు గురించి చెప్పి తీరాలి. కళలు, వారసత్వ పరిరక్షణ, మానవీయ శాస్త్రాలలో భారతీయులకు బ్రిటన్‌లో అధ్యయనానికి, గ్రంథాలయాల్లో, ఆర్కైవ్‌లలో స్వల్పకాల పరిశోధనకు గ్రాంట్లు ఇస్తుంది. బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులున్నాయి, పాత తెలుగు ముద్రిత గ్రంథాలున్నాయి. ఉత్తర సర్కార్ల రెవెన్యూ చరిత్ర మీదో, కంపెనీ కాలపు తెలుగు ముద్రణ మీదో పనిచేస్తున్న వారికి అక్కడ మూడు వారాలు గడిపితే సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం గట్టిపడుతుంది. ఏ దస్త్రాలు చూడాలో, అవి ఇక్కడ ఎందుకు దొరకవో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగితే దరఖాస్తు సగం అయినట్టే.

7. విదేశంలో పూర్తి పీహెచ్‌డీకి ప్రొఫెసర్‌ను వెతకడం

అమెరికాలో డిసెంబరు మొదటి పదిహేను రోజులు పెద్ద గడువులు. అంతకు మూడు నాలుగు నెలల ముందే ప్రొఫెసర్లకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాలి. మన వాళ్ల ఉత్తరాలు ఎక్కువగా ‘గౌరవనీయులైన సార్’తో మొదలై, బాల్యం నుంచి సైన్సు అంటే ఉన్న ఆసక్తితో సాగి, పదో తరగతి మార్కులతో ముగుస్తాయి. ఇవి ఎవరూ చదవరు. ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపితే వందమందికీ అది తెలిసిపోతుంది.

పనికొచ్చే ఉత్తరం పది పన్నెండు వాక్యాలకు మించదు. మీరెవరు, ఏం చేస్తున్నారన్నది ఒక వాక్యం. ఆ ప్రొఫెసర్ ఇటీవలి పత్రం ఒకటి నిజంగా చదివి, అందులో మీకు ఆగి ఆలోచించాలనిపించిన చోటు గురించి రెండు మూడు వాక్యాలు. మీరు చేసిన పనిలో దానికి దగ్గరగా ఉన్నది మరో రెండు. చివరగా సూటి ప్రశ్న: వచ్చే ఏడాది కొత్త విద్యార్థులను తీసుకుంటున్నారా, దానికి నిధులున్నాయా? రెజ్యూమె జతచేయండి. జవాబు రాకపోతే పది రోజుల తరువాత ఒకసారి గుర్తు చేయండి. మళ్లీ రాకపోతే వదిలేయండి.

2025లో అమెరికాలో ప్రభుత్వ పరిశోధన నిధుల కోతల వల్ల కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ప్రవేశాలు తగ్గించాయి. అందుకే ‘నిధులున్నాయా’ అన్న ప్రశ్న ఇప్పుడు మరీ అవసరం. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే కాబట్టి దానిమీద సమయం పెట్టకండి.

ఆఫర్ వచ్చాక కొందరు విశ్వవిద్యాలయ సిబ్బంది త్వరగా జవాబు చెప్పమని తొందరపెడతారు. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానంపై సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు, నిధులతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15కు ముందే జవాబు ఇవ్వాలని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. మీ విశ్వవిద్యాలయం ఆ జాబితాలో ఉందా చూసుకుని, మర్యాదగా గుర్తుచేయండి.

ఐరోపాలో పీహెచ్‌డీ స్థానాలు ఉద్యోగ ప్రకటనల్లా ఏడాది పొడవునా వస్తాయి. పరిశోధన ఉద్యోగాల ప్రకటనలు పెట్టే యురాక్సెస్ పోర్టల్‌లో మీ రంగం పేరుతో అలర్ట్ పెట్టుకోండి.

8. ఎస్‌ఓపీ, సిఫారసు లేఖలు

మంచి ఎస్‌ఓపీకి (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ చదువు ఎందుకో మీరు రాసే వ్యాసానికి) ఒక పరీక్ష ఉంది. అందులో మీ పేరు తీసేసి మీ బెంచ్‌మేట్ పేరు పెడితే సరిపోతుందా? సరిపోతే అది పనికిరాదు. ఏ ప్రాజెక్టులో ఏది చెడిపోయింది, ఎలా కనిపెట్టారు, ఆ తరువాత ఏ ప్రశ్న మిగిలింది? ఇవి మీరు తప్ప వేరొకరు రాయలేరు. చీవ్నింగ్, ఫుల్‌బ్రైట్ వంటివైతే తిరిగొచ్చి ఏం చేస్తారన్నది చాలా ముఖ్యం. ‘దేశానికి సేవ’ అని రాయడం కాదు. అనంతపురంలో భూగర్భ జలాల లెక్కల మీద పనిచేస్తానంటే ఏ శాఖలో, ఎవరితో, ఏ సమాచారంతో అన్నంత వివరం ఉండాలి.

సిఫారసు లేఖ అడిగితే మన కాలేజీల్లో చాలామంది మాస్టార్లు ‘నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతాను’ అంటారు. మూడు లేఖలూ ఒకే చేతిరాతలా ఉంటే కమిటీ పసిగడుతుంది. అలా కాకుండా మీరు ఆయన దగ్గర చదివిన సబ్జెక్టు, చేసిన ప్రాజెక్టు, తరగతిలో జరిగిన ఒకటి రెండు సంగతులు, మీ మార్కులు, గడువు తేదీ, అన్నీ ఒక పేజీలో రాసి ఇవ్వండి. రాసే పని సులువైతే ఆయనే రాస్తారు. లేఖ సంస్థ అధికారిక ఈమెయిల్ నుంచి వెళ్లాలి. ఆ ఈమెయిల్ ఆయన వాడుతున్నారా అని ముందే కనుక్కోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సగం లేఖలు ఆగేది ఇక్కడే.

9. మిగిలిన లోటుకు అప్పు

ఇన్ని చేసినా కొంత లోటు మిగలవచ్చు. వడ్డీ లేని అప్పులతో మొదలుపెట్టండి. కె.సి. మహీంద్రా ట్రస్టు, నరోత్తం సెక్సారియా ఫౌండేషన్ విదేశీ పీజీ విద్యార్థులకు వడ్డీ లేని రుణ స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి. 1892లో స్థాపించిన జె.ఎన్. టాటా ఎండోమెంట్ తాకట్టు లేకుండా రుణ స్కాలర్‌షిప్ ఇస్తుంది.

ఆ తరువాతే బ్యాంకు. బ్యాంకుల సాధారణ నమూనా విద్యారుణ పథకంలో నాలుగు లక్షల వరకు హామీ అక్కరలేదు, ఏడున్నర లక్షల వరకు మూడో వ్యక్తి హామీ, ఆపైన తాకట్టు అడుగుతారు. కోర్సు కాలం, ఆపై ఒక ఏడాది వాయిదాలు ఉండవు. కానీ వడ్డీ మాత్రం ఆ రోజుల్లోనూ పెరుగుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు నెలకు కొంత వడ్డీ కడుతూ పోతే తరువాత భారం తగ్గుతుంది. పాత ఆదాయపన్ను విధానంలో ఉన్నవారికి చెల్లించిన వడ్డీ మీద ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి దేశంలోని ఎంపిక చేసిన సంస్థలకే వర్తిస్తుంది, విదేశీ చదువుకు కాదు. బ్యాంకు ఏజెంట్లు ఈ తేడా చెప్పకుండా దాటవేస్తుంటారు.

వీసా కోసం అద్దెకు తెచ్చిన బ్యాంకు బ్యాలెన్స్ చూపించే దందా గురించి ఒక మాట. అది మోసం. పట్టుబడితే వీసా పోవడమే కాదు, తరువాతి దరఖాస్తుల మీదా ఆ మచ్చ ఉంటుంది. అలాగే స్కాలర్‌షిప్ మంజూరైంది, విడుదల కావాలంటే ముందు ‘ప్రాసెసింగ్ ఫీజు’ పంపమని అడిగేవాళ్ల ఫోన్లు పెట్టేయండి.

10. అవార్డు లేఖ చదవడం

లేఖ రాగానే స్టేటస్ పెట్టడానికి ముందు దాన్ని రెండుసార్లు చదవండి. స్టైపెండ్ 12 నెలలకా, తొమ్మిది నెలలకా? తొమ్మిదికే అయితే వేసవిలో ఏం తింటారు? ఎన్నేళ్లకు హామీ ఇచ్చారు, లేక ‘ఏటా సమీక్షిస్తాం’ అని రాశారా? ఫీజు మాఫీ ఉన్నా విద్యార్థి రుసుములు, ఆరోగ్య బీమా ఎవరి మీద? స్టైపెండ్ మీద పన్ను ఎంత పోతుంది? రెండో స్కాలర్‌షిప్ తీసుకుంటే మొదటిది తగ్గుతుందా? ప్రభుత్వ పథకాలు చాలావరకు ఒకే చదువుకు రెండు సాయాలు ఒప్పుకోవు, కాబట్టి రాష్ట్ర విద్యా నిధి, కేంద్ర స్కాలర్‌షిప్ రెండూ వస్తే దేన్ని ఉంచుకోవాలో చేరకముందే లెక్కవేసుకోండి. తిరిగి రావాల్సిన షరతు, బాండు, దాన్ని తప్పితే కట్టాల్సిన సొమ్ము ఎంతో వెతికి చూడండి.

ఈ ప్రశ్నలలో దేనికి జవాబు లేఖలో లేకపోయినా విభాగ కార్యాలయానికి ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో చెప్పిన మాటను వ్రాతపూర్వకంగా పంపమని అడగండి. వాళ్లకు రోజూ వచ్చే ప్రశ్నలే ఇవి, అడిగినందుకు ఎవరూ సీటు తీసేయరు.